ఇంజిన్ తిరుగుతోంది కదా, ఇంకేం అనుమానం?

విజయవాడ భవానీపురం నుంచి ఒక పాఠకుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. రెండేళ్ల కిందట ఆయన, ఆయన బావగారు చెరి సగం వేసుకుని గోవాలో ఒక పాత ఫైబర్ పడవ కొన్నారు. పదిహేడు అడుగుల పడవ, వెనక మూత కింద నాలుగు సిలిండర్ల 3 లీటర్ల మెర్‌క్రూజర్ పెట్రోలు ఇంజిన్. అద్దెకు తిప్పే ఉద్దేశం లేదు, సెలవురోజుల్లో కృష్ణలో సొంత సరదాకే. దసరా నాటి నుంచి ఇంజిన్ మిస్ కొట్టడం మొదలైంది. ఆటోనగర్ మేస్త్రి గారు చూసి, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) షాఫ్టు బుష్ అరిగిపోయిందని తేల్చారు. పడవల కోసం చేసిన డిస్ట్రిబ్యూటరు తెప్పించాలంటే 42,000 రూపాయలు, రెండు నెలలు అన్నారు. మేస్త్రి గారు కార్ల కోసం బయటి కంపెనీ చేసినదాన్ని 6,500కు సంపాదించి ఒక్క పూటలో బిగించారు. మొదటి సెల్ఫుకే ఇంజిన్ అందుకుంది, బావగారు ఆ సాయంత్రం షెడ్డులో ఉన్నవాళ్లందరికీ స్వీట్లు పంచారు.

ఆ తరువాత పాఠకుడు పాత డిస్ట్రిబ్యూటరును తుడుస్తుంటే, దాని అడుగుభాగంలో బఠాణీ గింజంత రంధ్రాలు రెండు, వాటికి అడ్డంగా సన్నని ఇత్తడి జాలీ కనిపించాయి. కొత్తదానికి రంధ్రాలున్నాయి గాని జాలీ లేదు. అడిగితే మేస్త్రి గారు “అది దుమ్ము పడకుండా పెట్టింది బాబూ” అన్నారు. బావగారేమో “ఇంజిన్ తిరుగుతోంది కదా, ఇంకేం అనుమానం? నువ్వు ప్రతిదానికీ భయపడతావు” అన్నారు. పైగా ఇప్పుడు పూర్తి వేగంలో ఇంజిన్ నుంచి డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమనే శబ్దం వస్తోందట. వచ్చే ఆదివారం మేనల్లుడి పుట్టినరోజుకి పిల్లలను భవానీ ద్వీపానికి తీసుకువెళ్లాలని బావగారి పట్టుదల. ఈయన వద్దన్నందుకు అక్కగారు వారం రోజులుగా మాట్లాడటం మానేశారు. జాలీ నిజంగా అవసరమా, లేక కంపెనీవాళ్లు ధర పెంచడానికి చేసే ఆర్భాటమా? అవసరమైతే ఇప్పుడున్న దారులేమిటి? అటు డెబ్బై ఏళ్ల మేస్త్రి గారిని, ఇటు బావగారిని నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలి? ఆయన అడిగినవి ఈ మూడు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఇంజిన్ గురించి ఎంత ఉందో ఇంటి గురించీ అంతే ఉంది. అయినా ముందు ఇంజిన్ సంగతి తేల్చుకుందాం. అక్కడ స్పష్టత వస్తే ఇంట్లో చెప్పవలసిన మాట దానంతట అదే తేలికవుతుంది.

మేస్త్రి గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉందని మొదట ఒప్పుకోవాలి. మీ ఇంజిన్ మూలం షెవర్లే కార్ల కోసం 1960లలో తయారైన నాలుగు సిలిండర్ల ఇంజినే. ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లకు రవ్వ అందే వరుస) అదే 1-3-4-2, క్యామ్ షాఫ్టు మీది గేరుతో తిరిగే పద్ధతీ అదే. కాబట్టి కారు డెల్కో (ఆటోనగర్‌లో డిస్ట్రిబ్యూటరుకు ఆ పేరే నిలిచిపోయింది కనుక నేనూ అలాగే రాస్తాను) అందులో చక్కగా కూర్చోవడంలో, మొదటి సెల్ఫుకే ఇంజిన్ అందుకోవడంలో వింత లేదు. ఆయన పనితనం మీద అనుమానం పెట్టుకోకండి. చిక్కల్లా ఇంజిన్ ఉన్న చోటుతో వచ్చింది.

డెల్కో క్యాపు లోపల ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. రోటారు తిరుగుతూ ఒక్కొక్క వైరుకు కరెంటు అందించే ప్రతిసారీ, రోటారు కొసకూ క్యాపులోని పిన్నుకూ మధ్య ఒక నిప్పురవ్వ దూకుతుంది. ప్లగ్గు దగ్గర పుట్టే రవ్వ సిలిండరు లోపల ఉంటుంది, ఇది బయట, క్యాపు కింద పుడుతుంది. మీ ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే ఈ రవ్వలు నిమిషానికి 8,000, అంటే సెకనుకు 130కి పైగా. కాయిల్‌కు కరెంటు కలిపి విడగొట్టే పాయింట్ల దగ్గర పుట్టే చిన్న రవ్వలు వీటికి అదనం. ఈ రవ్వల వల్ల లోపల ఓజోన్ పుట్టి లోహాన్ని తినేస్తుంది, తేమ కూడా చేరుతుంది. అందుకే ఏ డెల్కోకైనా గాలి ఆడే రంధ్రాలు ఉండక తప్పదు.

కారులో ఆ రంధ్రాలు తెరిచి ఉన్నా పెద్దగా నష్టం లేదు. బానెట్ కింద గాలి ఆడుతుంది, ఎక్కడైనా పెట్రోలు కారితే రోడ్డు మీద పడిపోతుంది. పడవలో కిందికి పోయే దారి లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, కారిన చోటి నుంచి జారి పడవ అడుగున పేరుకుంటుంది. గాలిలో ఆ ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు. వంటగదిలో గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చి కూడా వేయకుండా ముందు తలుపులు తెరుస్తాం కదా, మీ పడవ అడుగుభాగం తలుపులు లేని ఆ వంటగది లాంటిది. స్విచ్చి మాత్రం సెకనుకు నూటముప్పైసార్లు వేస్తూ ఉంటాం. ఈ పోలికను మీ అక్కగారి ముందు పెట్టి చూడండి. మీ బావగారికంటే ఆవిడకే ముందు అర్థమవుతుందని నా నమ్మకం.

ఇక ఆ జాలీ. బొగ్గుగనుల్లో దీపం మంట బయటి వాయువుకు అంటుకోకుండా హంఫ్రీ డేవీ 1815లో దీపం చుట్టూ సన్నని తీగల వల కట్టాడు. మంట ఆ వల గుండా బయటికి రాబోతే, లోహం దాని వేడిని లాగేసుకుని ఆర్పేస్తుంది. మీ పాత డెల్కోలోని ఇత్తడి జాలీ చేసే పనీ అదే. లోపలికి ఆవిరి చేరి అంటుకున్నా ఆ మంట లోపలే ఆరిపోవాలి. పడవ ఇంజిన్ మీద ఉండే విద్యుత్ పరికరాలకు ఈ గుణం ఉందో లేదో పరీక్షించడానికి అమెరికా ఇంజినీర్ల సంఘం ఎస్.ఏ.ఇ. పెట్టిన జె1171 అనే ప్రమాణం ఉంది. అమెరికాలో లోపలే పెట్రోలు ఇంజిన్ ఉండే పడవలకు ఈ రక్షణను చట్టమే తప్పనిసరి చేసింది. జాలీ దుమ్ము కోసం కూడా పనికొస్తుందేమో గాని, దాన్ని పెట్టింది దుమ్ము కోసం కాదు. ఇందులో కంపెనీల ఆర్భాటం లేదు. ధర మాత్రం ఎక్కువే, ఆ విషయంలో మీ బావగారి కోపం న్యాయమైనదే.

మన దగ్గర దీనికి ఇంకొకటి తోడైంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత పడవల రబ్బరు పైపులు, కార్బురేటరు గాస్కెట్లు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, అవి ఉబ్బి, మెత్తబడి, చివరికి చిట్లుతాయి. గోవా నుంచి వచ్చిన నాటి పైపులే ఇంకా ఉంటే, వాటిని వేలితో నొక్కి చూడండి. జిగటగా తగిలినా, వంచినప్పుడు సన్నని పగుళ్లు కనిపించినా, డెల్కో సంగతి ఎలా ఉన్నా ముందు అవి మార్చవలసిందే. మే నెల ఎండలో కప్పి ఉంచిన ఇంజిన్ పెట్టెలో ఆవిరి ఎంత తొందరగా పుడుతుందో విజయవాడ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన గలగల శబ్దం నన్ను జాలీకంటే ఎక్కువ కలవరపెట్టింది. ఆవిరి ప్రమాదం ఎప్పుడో ఒకనాడు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఈ శబ్దం మాత్రం తిరిగిన ప్రతి నిమిషమూ ఇంజిన్‌ను తింటోంది. కారుకు ఎత్తు ఎక్కడం, దిగడం, న్యూట్రల్‌లో జారడం అన్నీ ఉంటాయి. పడవకు దిగుడు అనేది లేదు, నీటిని తోస్తూ ఎప్పుడూ ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టే బరువు లాగుతుంది. రవ్వను కొంచెం ముందుగా పుట్టించడాన్ని అడ్వాన్స్ అంటారు. పడవల డెల్కోలో సాధారణంగా ఇంజిన్ పీల్పుతో పనిచేసే వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా ఉండదు, లోపలి బరువులూ స్ప్రింగులూ కూడా అడ్వాన్స్ ఒక హద్దు దాటకుండా అమర్చి ఉంటాయి. కారు డెల్కో అడ్వాన్స్ తీరు వేరు. దానికి తోడు మేస్త్రి గారు అలవాటు ప్రకారం టైమింగ్ లైటు పెట్టకుండా చెవితోనే టైమింగ్ కట్టి ఉంటే, పూర్తి వేగంలో రవ్వ రావలసిన దానికంటే ముందే వస్తోందన్నమాట. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పేలుడు దాని నెత్తిన మొత్తుతుంది, మీరు విన్న గలగల బహుశా అదే. అలా కొన్ని గంటలు నడిస్తే హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకొన్ని గంటలకు పిస్టన్‌కే చిల్లు పడుతుంది. ఇంజిన్ హోరులో, నీటి చప్పుడులో మీకు ఆ శబ్దం వినపడటమే అదృష్టం.

ఇక దారుల సంగతి. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, బయలుదేరే ముందు బ్లోయర్ (ఇంజిన్ పెట్టెలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) వేసి నడుపుకోవడం ఒకటి. మీ బావగారు చివరికి దీని దగ్గరే ఆగుతారని ఊహిస్తున్నాను. సెల్ఫు కొట్టే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పి, మూత తెరిచి వాసన చూసుకోవడం ఏ పెట్రోలు పడవకైనా ఉండవలసిన అలవాటే. అయితే బ్లోయర్ అప్పటిదాకా చేరిన ఆవిరిని తోస్తుంది గాని, నది మధ్యలో పైపు చిట్లితే అప్పుడు పుట్టేదాన్ని ఆపలేదు. ట్రెయిలరు మీద, మూత పూర్తిగా తెరిచి, పక్కన అగ్నిమాపక సిలిండరు పెట్టుకుని, డ్రైవ్‌కు (పడవ వెనక ప్రొపెల్లరు ఉండే భాగానికి) గొట్టంతో నీళ్లు అందిస్తూ పరీక్షించుకోవడానికి ఆ డెల్కో పనికొస్తుంది. మనుషులను ఎక్కించుకుని నీటిమీదికి వెళ్లడానికి నేనైతే దాన్ని ఉంచను. కొందరు మెకానిక్కులు కారు డెల్కో రంధ్రాలకు టీ జల్లెడ ముక్క కత్తిరించి అతికిస్తారు. అది చూడటానికి జాలీలా ఉంటుందే గాని, క్యాపు అంచుల దగ్గర సీలు ఉండదు, వాక్యూమ్ డబ్బా లింకు దూరే కంత అలాగే ఉంటుంది, అడ్వాన్స్ తీరూ మారదు.

రెండో దారి పాతదాన్నే బాగుచేయించడం. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఎందుకో మేస్త్రి గారు పాతదాన్ని పక్కన పెట్టేయడానికే మొగ్గారు గాని, బుష్ అరిగిన డెల్కోకు ప్రాణం పోయడం ఆటోనగర్‌కు కొత్త విద్య కాదు. రోటారు తీసి షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పాయింట్ల మధ్య ఉండవలసిన ఖాళీయే దాదాపు అర మిల్లీమీటరు, కాబట్టి షాఫ్టు కంటికి కనిపించేంత కదిలినా ఒక్కొక్క సిలిండరుకు రవ్వ ఒక్కొక్క వేళకు వస్తుంది. మీ మిస్‌కు మూలం అదే. నూనె పీల్చుకునే కంచు బుష్‌లు కొత్తవి ఎక్కించి, షాఫ్టు అరిగి ఉంటే లేతు మీద సరిచేసి, గేరు పళ్లు, పైకీ కిందికీ ఉండే ఆట చూసుకుని, కొత్త పాయింట్లు, కండెన్సరు వేస్తే అది మళ్లీ కొన్నేళ్లు పనిచేస్తుంది. జాలీ పోకుండా, క్యాపు కింది సీలు చెడకుండా చూసుకోవడం ఒక్కటే షరతు. రోటారు, క్యాపు మాత్రం పడవలకు చేసినవే కొనండి. వాటిలో పిన్నులు ఇత్తడివి ఉంటాయి, తేమకు అల్యూమినియం పిన్నుల్లా పొడి రాలవు.

పాయింట్ల బాధే వద్దనుకుంటే, ఆ పాత బాడీలోనే పాయింట్ల స్థానంలో కూర్చునే ఎలక్ట్రానిక్ మాడ్యూలు పెట్టించవచ్చు. పెర్ట్రానిక్స్ వంటి కంపెనీలు పడవ డెల్కోలకు కూడా ఇవి చేస్తున్నాయి. ఇక్కడ చాలామంది మాడ్యూలు కాల్చుకునేది రెండు కారణాల వల్ల. పాయింట్ల కాయిల్‌కు వచ్చే వైరులో వోల్టేజి తగ్గించే రెసిస్టెన్స్ ఉంటుంది, ఈ మాడ్యూలుకు మాత్రం నిండు 12 వోల్టులు కావాలి. కాబట్టి తాళం తిప్పి మల్టీమీటరుతో కొలవకుండా కలపవద్దు. కాయిల్ ప్రైమరీ నిరోధం కూడా ఆ మాడ్యూలుకు తగినట్టు ఉండాలి. నాలుగు సిలిండర్లకు వాడే మామూలు రకానికి 3 ఓమ్‌లకు తగ్గకూడదు. ఇక ఇంజిన్ ఆగి ఉండగా పాటల కోసమని తాళం ఆన్‌లో వదిలేస్తే అది కాలిపోవచ్చు, ఈ సంగతి పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

మూడోది పడవలకే చేసిన బయటి కంపెనీ డెల్కోను కొనడం. బయటి కంపెనీది కావడం తప్పేమీ కాదు, మంచివి ఉన్నాయి, ఇంజిన్ కంపెనీ పేరుతో వచ్చేదానికంటే చవక కూడా. అట్టపెట్టె మీద మెరైన్ అన్న ఒక్క మాట చూసి కొనకండి. జె1171 ప్రమాణం ప్రస్తావన ఉందా, జాలీ కంటికి కనిపిస్తోందా, వాక్యూమ్ డబ్బా లేకుండా ఉందా, గేరు పళ్లూ షాఫ్టు పొడవూ పాతదానితో సరిగ్గా సరిపోతున్నాయా, అడ్వాన్స్ ఎన్ని డిగ్రీలో రాసి ఇచ్చారా అని అడగండి. ఖర్చుతోపాటు ఎదురుచూపు తప్పదు. పాత బాడీ పగిలి ఉంటే, లేక అడుగుభాగం పూర్తిగా తుప్పు తిని ఉంటే ఈ దారే మిగులుతుంది. ఇంజిన్ మొత్తం తీసేసి వెనక అవుట్‌బోర్డు తగిలించుకోవడం మరొకటి. అప్పుడు ఇంజిన్ ఆరుబయట ఉంటుంది గనుక ఈ బెడద చాలా తగ్గుతుంది గాని, వెనక గోడకు బలం చేయించాలి, బరువు లెక్కలు మారతాయి, ఖర్చు పడవ ధరను మించినా ఆశ్చర్యం లేదు. మీ ఇద్దరి ఓపిక చూస్తే ఇప్పుడు అంతదూరం వెళ్లనక్కర్లేదనిపిస్తోంది.

ఏ దారి పట్టినా బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండి చూడవలసిన సంగతి ఒకటుంది. ఈ ఇంజిన్‌లో డెల్కో షాఫ్టు కింది కొసే ఆయిల్ పంపునూ తిప్పుతుంది. ఆ కొస పంపు గాడిలో కూర్చోకపోతే డెల్కో బాడీ బ్లాకు మీద పూర్తిగా ఆనదు, ఒక సన్నని సందు మిగులుతుంది. ఆ సందును క్లాంపు బోల్టుతో లాగి మూసే ప్రయత్నం చేస్తే పంపు షాఫ్టో గేరో పోతుంది. చేత్తో నొక్కితేనే దిగాలి. దిగకపోతే బయటికి తీసి, పొడవాటి స్క్రూడ్రైవరుతో పంపు గాడిని కొద్దిగా తిప్పి మళ్లీ దించాలి. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కనుక దిగుతూ రోటారు కొంత తిరుగుతుంది, ఆ మేరకు ముందే వెనక్కి పెట్టి దించుతారు. ఒకటో సిలిండరు ప్లగ్గు తీసి, రంధ్రం మీద వేలుపెట్టి, గాలి తన్నే వైపు పిస్టన్ పైకి వచ్చినప్పుడే గుర్తు కలపాలి. పొరపాటున రెండో వైపు కలిపితే ఇంజిన్ కార్బురేటరు లోంచి ఎదురు పేలుతుంది. కారులో అది నవ్వుకునే సంగతి, పడవలో అప్పుడు అడ్డుపడేది కార్బురేటరు మీద మంటను ఆపే ఫ్లేమ్ అరెస్టరు ఒక్కటే. అది స్థానంలో లేకుండా సెల్ఫు కొట్టనివ్వకండి. ఇంజిన్ అందుకోగానే ఆయిల్ ప్రెషరు ముల్లు చూడండి, టైమింగ్ లైటుతో మొదట ఐడిలింగ్‌లో, తరువాత 3,000 చుట్ల దగ్గర చూసి మాన్యువల్‌తో సరిపోల్చండి. చెవి మీద మేస్త్రి గారికి ఎంత నమ్మకమున్నా ఆ లైటు అద్దెకు దొరుకుతుంది.

అలాగే సెల్ఫు మోటారు, ఆల్టర్నేటరు కూడా పడవలకు చేసినవేనా, గోవాలో ఎవరైనా కారువి తగిలించారా అన్నది చూసుకోండి. డెల్కో మార్చి వాటిని వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఇక ఇంటి సంగతి. మీ బావగారు మీ భయాన్ని ఎగతాళి చేశారని రాశారు. ఆయన స్థానం నుంచి చూస్తే, తండ్రి కాలం నుంచి తమ లారీలు బాగుచేస్తున్న మేస్త్రి గారి పనిని మీరు నలుగురిలో తప్పుపట్టారు. ప్రమాదాల కథలు ఏకరువు పెడితే ఆయన మరింత బిగుసుకుంటారు. 2017లో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం ఈ ఊళ్లో అందరికీ గుర్తుంది, దాని కారణాలు వేరు, దాన్ని ఈ వాదనలోకి లాగకండి. రెండు డెల్కోలనూ ఒక పాత పేపరు మీద పక్కపక్కన పెట్టి ఆయన చేతికి ఇవ్వండి. జాలీ ఆయన కంటితో చూడనివ్వండి. ముందుగా గలగల శబ్దం గురించి మాట్లాడండి, ఎందుకంటే పిస్టన్ పోతే పోయే డబ్బు ఆయనది కూడా. ఆవిరి సంగతి తరువాత చెప్పినా వింటారు.

మేస్త్రి గారి దగ్గరికి మీరు ఫిర్యాదుతో వెళ్లనక్కర్లేదు, పనితో వెళ్లండి. “అంకుల్, పాతదానికి బుష్‌లు మీరే వేసి ఇవ్వాలి, జాలీ మాత్రం కదలకూడదు” అని అడిగితే ఆయన పెద్దరికానికి లోటు ఉండదు, పనీ అవుతుంది. ఆయన కాదంటే, ఇంకొకరి చేత చేయించుకోవడానికి ఆయన అనుమతి అడిగినట్టే అడగండి. కొత్తదాని 6,500 వెనక్కి రాకపోతే దాన్ని మీ ఖాతాలో వేసుకోండి. ఆ మొత్తం కోసం బావగారితో లెక్కలు తిరగేయడం మీకు గిట్టుబాటు కాదు.

ఆదివారం సంగతి మిగిలింది. పని అప్పటికి పూర్తికాదు. పిల్లలను పర్యాటక శాఖ పడవలో భవానీ ద్వీపానికి తీసుకువెళ్లి, ఆ టికెట్ల ఖర్చు మీరు పెట్టుకోండి. పుట్టినరోజు ఆగదు, అక్కగారి అలకా కొంత తగ్గుతుంది. ఈ లోగా పడవ రిజిస్ట్రేషను, సర్వే పత్రాలు గోవా పేరు మీదే ఉన్నాయేమో చూసుకోండి. 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చాక వాటి అవసరం మీకు పడుతుంది, బీమావాళ్లు కూడా మొదట అడిగేవి అవే.

డెల్కో బయటికి తీసిన వెంటనే ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచమని మేస్త్రి గారికి గుర్తుచేయండి. ఒక్క వాషరు అందులో పడితే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పాలి, పడవలో సంప్ విప్పాలంటే చాలావరకు ఇంజిన్‌నే పైకి ఎత్తాలి.